నీళ్లెక్కువ వాడేటోళ్లం

నాకు పగ ఉంది. ఈ మాట ముందే చెప్పేస్తే తర్వాత మీరు నన్ను మంచిదాన్ననుకుని మోసపోరు. ఎల్బీనగర్ నుంచి కర్మన్‌ఘాట్ వైపు పోయే రోడ్డులో మూడో సందు, లేత ఆకుపచ్చ గేటు, ఆ గేటు లోపల పై పోర్షన్. నా పగకు అడ్రస్ అది. అమ్మా నేనూ అక్కడ ఎనిమిది నెలలు కిరాయికి ఉన్నాం. తొమ్మిదో నెలలో ఖాళీ చేయించారు. మేము నీళ్లు ఎక్కువ వాడుతున్నామట.

ఇల్లు చూడటానికి పోయిన రోజు ఇంటామె వరండాలో ఊయల బల్ల మీద కూర్చుని చిక్కుడుకాయలకు ఈనెలు తీస్తోంది. తల ఎత్తి మా ఇద్దరినీ చూసి, "మీరేమోళ్లమ్మా?" అంది. ఈ నగరంలో కిరాయి ఇల్లు వెతికినవాళ్లకు ఈ ప్రశ్న తెలుసు. అది పేరు అడగడం కాదు, ఊరు అడగడం కాదు. అమ్మ తడుముకోలేదు. "మేం నల్గొండోళ్లం" అంది. ఆమె అడిగింది కులం, అమ్మ చెప్పింది జిల్లా. అబద్ధం కాదు కాబట్టి అమ్మ కళ్లు దించుకోలేదు. ఆ తర్వాత ఆమె మళ్లీ అడిగే సందు ఇవ్వకుండా మా సంగతంతా చెప్పేసింది. నాన్న లారీ మీద ఉంటాడని, నెలకు నాలుగు రోజులే ఇంట్లో ఉంటాడని, నేను దిల్‌సుఖ్‌నగర్‌లో డిగ్రీ చదువుతున్నానని, తాను చీరలకు ఫాల్ కుడతానని, మాకు చుట్టాలు పెద్దగా రారని.

ఆమెది ఈ ఊరే. ఇక్కడ బిల్డింగులు లేనప్పుడు, జొన్న చేలు ఉన్నప్పటి నుంచి ఆ భూములు వాళ్లవి. ఇప్పుడు ఆ చేలలో వాళ్లవి మూడు ఇళ్లు లేచాయి. మాతో బాగానే ఉండేది. ఇది దాచిపెట్టి చెబితే నా పగకే మచ్చ. పెరట్లో కరివేపాకు కోసుకొమ్మనేది. తన పట్టుచీరలకు ఫాల్ అమ్మతోనే కుట్టించుకునేది. నేను పరీక్షలకు పోతుంటే ఎదురొచ్చి "మంచిగ రాయి బిడ్డా" అనేది.

ఆ తర్వాత నా చేతి నుంచి ఒక కాగితం జారింది. స్కాలర్‌షిప్ కోసం కులం సర్టిఫికెట్‌కు ఆరు జిరాక్సులు తీయించుకుని వస్తున్నాను. మెట్ల మీద వాటిని బ్యాగులో పెట్టుకుంటుంటే ఒకటి పడిపోయింది. వెనక నుంచి ఆమె వచ్చి, "ఇది నీదేనా బిడ్డా?" అని చేతికిచ్చింది. చదివే ఇచ్చింది. మామూలుగా దొరికిన కాగితాన్ని ఎవరూ కళ్లకు ఎదురుగా, రెండు చేతులతో పట్టుకుని ఉండరు. నేను "అవునాంటీ" అని తీసుకుని పైకి పోయాను. మేము మాదిగలం. ఆ మాట ఆ ఇంట్లో ఎవరూ ఎప్పుడూ పైకి అనలేదు, ఆ రోజు కూడా అనలేదు.

నాలుగో రోజు పొద్దున ఆమె మెట్లెక్కి వచ్చింది. మా బాత్రూం తలుపు తీసి లోపలికి చూసి, బోరు ఎండిపోతోందని, మేము నీళ్లు మస్తు వాడుతున్నామని, తమతో కాదని, వచ్చే నెలకు వేరే ఇల్లు చూసుకొమ్మని చెప్పింది. మేము ఇద్దరు మనుషులం. పక్క పోర్షన్‌లో ఏడుగురు, రెండు వాషింగ్ మెషీన్లు. అమ్మ ఆ లెక్క అడగలేదు. "అట్లనే అమ్మా" అని మాత్రం అంది.

జిరాక్సు సంగతి నేను అమ్మకు చెప్పలేదు. చెబితే ఇల్లు పోయింది నా చేతి వల్లనే అని తేలిపోతుంది. చెప్పకపోయేసరికి అమ్మ నీళ్ల మాటే నిజమనుకుంది, లేదా అనుకుందని నేను అనుకున్నాను. హయత్‌నగర్‌లో కొత్త ఇంట్లో దిగిన మొదటి రోజే నా ఎర్ర గోళ్లరంగు సీసా తీసుకుని, మా నీలం బకెట్‌కు లోపల సగానికి ఒక గీత గీసింది. "గీత దాటొద్దు బిడ్డా" అంది. అప్పటి నుంచి నాలుగేళ్లు మా ఇంట్లో తానం అంటే ఆ గీత కిందే. అంట్లు చెంబు నీళ్లతో. బియ్యం కడిగిన నీళ్లు కుండీకి. రోహిణి కార్తెలో ఒళ్లంతా పేలిపోయినా రెండో బకెట్ లేదు. రోజూ పొద్దున బాత్రూంలోంచి బకెట్ అడుగున చెంబు గీరుకునే చప్పుడు వినిపించేది. విన్న ప్రతిసారీ ఆకుపచ్చ గేటు కళ్ల ముందుకొచ్చి నాకు ఒళ్లు మండేది. ఆమె నోటి నుంచి అసలు మాట ఒక్కసారి వినిపిస్తే చాలు, మా అమ్మ ఆ గీత చెరిపేస్తుంది. నాకు కావలసింది అది.

ఎంఏ అయిపోయాక ఒక సర్వేలో పని దొరికింది. ట్రైనింగ్ దిల్‌సుఖ్‌నగర్‌లో, మెట్రో స్టేషన్ పక్క సందులో, ఖాళీ అయిపోయిన కోచింగ్ సెంటర్ హాల్లో. బెంచీల మీద ఎవరెవరో గీకిన ఫార్ములాలు ఇంకా అట్లే ఉన్నాయి. చెప్పడానికి వచ్చిన సారుది కోస్తా. నెమ్మదైన మనిషి. నీకు ఫలానా వాళ్లంటే చిన్నచూపు ఉందా అని అడిగితే ఎవరూ ఉందని చెప్పరు కదా, అందుకని ఈ సర్వే ఇంకోలా అడుగుతుందన్నాడు. దళితుల మీద, ముస్లింల మీద, ట్రాన్స్‌జెండర్ల మీద చిన్నచూపు చూపకుండా ఉండాలని నీకు ఎంత ఉంది, ఎందుకుంది? ఇదీ ప్రశ్న.

"చూడండమ్మా, ఒకళ్లు తప్పు చెయ్యకుండా ఉండేది మనసు ఒప్పుకోక. ఇంకొకళ్లు చెయ్యకుండా ఉండేది నలుగురూ ఏవనుకుంటారోనని. మనం కొలిచేది ఈ రెండూనూ. మొదటిదే గట్టిది, రెండోది ఎవరూ చూడకపోతే ఎగిరిపోద్ది" అన్నాడు.

పది వాక్యాలు. ఒక్కోదానికి ఒకటి నుంచి తొమ్మిది దాకా మార్కులు. అసలు ఒప్పుకోకపోతే ఒకటి, పూర్తిగా ఒప్పుకుంటే తొమ్మిది. ముందు మమ్మల్నే నింపమన్నారు. మొదటి వాక్యం దగ్గరే నా పెన్ను ఆగింది. అంతకు ముందు వారమే బస్సులో ఒక ట్రాన్స్‌జెండర్ మహిళ నా పక్కన కూర్చోబోతే నేను నా బ్యాగు తీసి ఆ ఖాళీలో పెట్టుకున్నాను. ఆమె ఏమీ అనకుండా ముందుకు పోయి నిలబడింది. ఎనిమిది వేశాను. సారు నా బెంచీ పక్కనే నిలబడి ఉన్నాడు, ఆ ఎనిమిదిలో ఏడు ఆయన కోసమే. సిగ్గేసింది. కానీ నేను చెప్పబోయేది నా సిగ్గు గురించి కాదు. నా సిగ్గు నాకుంది, ఇంటామెది ఇంటామెకు ఉండాలి.

ప్రశ్నల్లో ఒక మాట నాకు మొదటి నుంచీ గొంతుకు అడ్డం పడింది. పక్షపాతం. ప్రతి వాక్యంలోనూ అదే. పక్షపాతం లేకుండా ఉండటం నాకు వ్యక్తిగతంగా ముఖ్యం, అని మొదటి వాక్యం. నేను లేచి, మా దిక్కు ముసలీ ముతకా దీన్ని పక్షవాతం అనుకుంటారు సార్, "ఎక్కువ తక్కువ చూడకుండ" అని మారుద్దాం అన్నాను. హాలంతా నవ్వింది. సరిగ్గా పలికితే సరిపోతుందన్నాడు సారు. ప్రింటు అయిపోయిందట, పైనుంచి ఈ మాటలకే పర్మిషన్ వచ్చిందట. రాసి ఉన్నది ఉన్నట్టు చదవాలి. అర్థం చెప్పకూడదు. కావాలంటే రెండుసార్లు చదవొచ్చు. మొహంలో ఏమీ కనపడకూడదు. ప్రతి ఏడో ఇంటికి పోవాలి. తెలిసిన మనుషులైతే ఆ ఇల్లు ఇంకొకరికి ఇచ్చేయాలి. ఇవీ రూల్సు. అన్నీ నోట్‌బుక్కులో శ్రద్ధగా రాసుకున్నాను.

నా వంతుకు ఆ రోడ్డు వచ్చింది. నేను అడగలేదు, దానంతటదే వచ్చింది. సందు మొదట్లో మిల్క్ బూత్ నుంచి లెక్కపెట్టుకుంటూ నడిచాను. ఏడో ఇల్లు నీలం తలుపులది. డాబా మీద ఒకామె బట్టలు ఆరేస్తూ, ఎవరు కావాలని కిందికి కేకేసింది. ఎవరూ వద్దక్కా అని చెప్పి, కాగితం మీద ఆ ఇంటికి ఎదురుగా "తాళం" అని రాశాను. ఎనిమిదోది ఆకుపచ్చ గేటు. దానికి పై పోర్షన్ టులెట్ అని అట్టముక్క వేలాడుతోంది.

ఇంటామె అదే ఊయల మీద కూర్చుని ఉంది. మోకాళ్లకు పట్టీలు వేసుకుంది. నన్ను గుర్తుపట్టలేదు. నాకు కళ్లద్దాలు వచ్చాయి, జుట్టు కత్తిరించుకున్నాను, మెడలో ఐడీ కార్డు వేలాడుతోంది, నిజమే. అయినా ఎనిమిది నెలలు తన నెత్తి మీద నడిచిన మనిషిని గుర్తుపట్టకపోవడం నాకు కోపం తెప్పించింది. నేను ఆమె కణత మీద పుట్టుమచ్చతో సహా గుర్తుపెట్టుకున్నాను. ఆధార్ కార్డు తేవాలా అని అడిగింది. అక్కర్లేదని చెప్పి, ఆఫీసు ఫోన్ నంబరున్న కాగితం ఇచ్చి, ట్యాబ్‌లో మాటలు రికార్డు చేసుకోవచ్చా అని అడిగాను. "చేస్కో, నాకేం భయం" అంది.

మొదటి వాక్యం చదివాను. ఆమె ఊయల ఆపి, "పక్షవాతమా?" అంది.

రూలు ప్రకారం మళ్లీ చదవాలి, చదివాను. రూలు ప్రకారం స్పష్టంగా పలకాలి. "పా" దగ్గర కొంచెం మెత్తగా పలికానేమో, ఒట్టు పెట్టి చెప్పలేను.

"ముఖ్యం గాకపోతే ఎట్ల బిడ్డా. మా చిన్నమ్మకు మూతి వంకర పోయి మూడేండ్లు మంచంల ఉండె. పొద్దుగాల ఎల్లిపాయ రెబ్బ మింగుత, గంట నడుస్త. తొమ్మిదేస్కో" అంది.

తొమ్మిది వేసుకున్నాను. పక్షపాతంగా ప్రవర్తిస్తే నాలో నాకే బాధ కలుగుతుంది, అని ఇంకో వాక్యం. పక్షవాతమొస్తే బాధ కాక ఏముంటుంది, ఒకరు ఎత్తి ముద్ద పెట్టాలి కదా అని దానికీ తొమ్మిది వేయించింది. మనసుకు సంబంధించిన అయిదింటికీ తొమ్మిదే. తర్వాత నలుగురి కోసం చేసే వాక్యాలు వచ్చాయి. ఇతరులు విమర్శిస్తారనే భయంతో పక్షపాతం చూపకుండా జాగ్రత్తపడతాను, అని చదివితే ఆమెకు నవ్వొచ్చింది. పక్షవాతమొచ్చినోళ్లను ఎవరైనా తిడతారా, అయ్యో పాపం అంటారు గానీ అని ఒకటి వేసుకొమ్మంది. ఆ అయిదింటికీ ఒకటే.

ట్యాబ్ వంక చూసుకున్నాను. మనసు తొమ్మిది, నలుగురి భయం ఒకటి. సారు లెక్కలో ఇంతకన్నా మంచి మనిషి ఉండదు. నన్ను ఇంట్లోంచి పంపిన మనిషి ఎల్లిపాయ పుణ్యమా అని ఎల్బీనగర్ మొత్తానికి మహాత్మురాలైపోయింది. మొహంలో ఏమీ కనపడకూడదు కాబట్టి పెదవి లోపలి నుంచి కొరుక్కున్నాను.

చివర ఒక ప్రశ్న మిగిలింది. దానికి మార్కులు లేవు, వాళ్ల మాటల్లోనే చెప్పాలి. అందులో ఆ పాడు మాట కూడా లేదు. ఒక దళిత కుటుంబానికి ఇల్లు అద్దెకు ఇవ్వకూడదని మీకు అనిపిస్తే ఆ కారణం వాళ్లకు నేరుగా చెబుతారా, చెప్పకపోతే ఎందుకు? ఇది ఆమెకు ఒక్కసారికే అర్థమైంది. ఊయల ఆగిపోయింది. గేటు వైపు ఒకసారి చూసి, తన పేరు ఎక్కడైనా వస్తుందా అని అడిగింది. ఎక్కడా రాదన్నాను. అది కూడా రూలే.

"నేరుగ ఎవలు చెప్తరు బిడ్డా. ముఖం మీద అంటే కేసయితది. నీళ్లెక్కువ వాడుతున్నరనో, పెయింటింగు ఉన్నదనో చెప్తం. వాళ్లే పోతరు. వాళ్ల మనసు గూడ నొయ్యది" అని గొంతు తగ్గించింది. "ఒకపారి పైన తల్లీబిడ్డలుండె. మంచోళ్లే. తల్లి ఫాల్ మంచిగ కుట్టేది. గా పిల్ల కాయితం చూసినంక మాకు తెలిసింది. వాళ్ల బాత్రూం కిందనే మేం పూజ జేసే దేవునర్ర. ఎట్ల ఉంచుకుంటం చెప్పు. నీళ్ల పేరు చెప్పిన. ఒక్క మాట అనకుండ పోయిన్రు."

ఆమె నాకు నిజం చెప్పింది. నాలుగేళ్లు ఏ మాట కోసం కాచుకున్నానో ఆ మాటే, అడిగీ అడగంగానే, ఇంత సులువుగా చెప్పింది. పైగా మా మనసు నొవ్వకుండా చూసినందుకు తనను తాను మెచ్చుకుంటోంది. ధన్యవాదాలు అనే వాక్యం కూడా రాసి ఉంటుంది, అది చదివి రికార్డింగ్ ఆపాను. తర్వాత, రాసి లేని మాట ఒకటి అడిగాను. జర మంచినీళ్లు ఇస్తారా ఆంటీ అన్నాను.

ఆమె మోకాళ్లు పట్టుకుని లేచి లోపలికి పోయి స్టీలు గ్లాసుతో వచ్చింది. చేతికివ్వబోతూ, ఊరికే అడిగినట్టు, "ఇంతకు మీరేమోళ్లు బిడ్డా?" అంది.

"మేం నీళ్లెక్కువ వాడేటోళ్లం ఆంటీ" అన్నాను.

గ్లాసు ఇద్దరి చేతుల మధ్య ఆగింది. ఆమె నా కళ్లద్దాల వెనక్కి చూసింది, ఐడీ కార్డు చూసింది, ఒకసారి పైకి మెట్ల వైపు చూసింది. ఏదో అనబోయి నీళ్లు నమిలింది. నేను గ్లాసు తీసుకున్నాను. బయటి ఇళ్లలో ఎవరైనా తల ఎత్తి గొంతులో పోసుకుంటారు. నేను పోసుకోలేదు. అంచుకు పెదాలు ఆనించి, చిన్న గుటకలుగా, చివరి చుక్క దాకా తాగాను. ఆమె ఆ అంచునే చూస్తూ నిలబడింది. ఖాళీ గ్లాసు ఆమె కూర్చునే ఊయల బల్ల మీద పెట్టాను.

"కేసు పెడతవా?" అంది ఆమె.

"చూస్తా ఆంటీ" అని చెప్పి గేటు వేసి వచ్చేశాను.

ఆ మధ్యాహ్నం ఎల్బీనగర్ చౌరస్తా దాకా ఎండలో నడుచుకుంటూ పోయాను. సంతోషంగా ఉంది. దాచుకోవాల్సిన సంతోషం కాదు, ఎగిరి గంతెయ్యాలనిపించే సంతోషం. మనసులోంచి వచ్చేదే గట్టిది అంటాడు సారు. అది ఆయనకు బాగుంటుంది. ఆమె మనసు మారాలని నేను ఏ దేవుడికీ మొక్కలేదు. ఆమె మనసుతో నాకేం పని? మేము ఉండాలనుకున్నది ఆమె మనసులో కాదు, పై పోర్షన్‌లో. నాకు ఆమె భయపడితే చాలు. మెట్రో కింద బస్సు కోసం నిలబడ్డాక మాత్రం ఇంకో ఆలోచన వచ్చి సంతోషాన్ని కొంచెం చెడగొట్టింది. ఆ భయం ఆమెకు నాలుగేళ్ల కిందటే ఉంది. కేసు భయంతోనే నీళ్ల అబద్ధం పుట్టింది. మా బకెట్ మీద గీత గీసింది ఆ భయమే. అయినా సరే, ఇవాళ్టికి నాకు అదే ముద్దు అనుకుని బస్సెక్కాను.

సాయంత్రం అమ్మ గుమ్మం దగ్గర వెలుతురులో కూర్చుని ఫాల్ కుడుతోంది. ఇంటివాళ్ల మాటలు బయటివాళ్లకు వినిపించకూడదన్న రూలు కూడా నోట్‌బుక్కులో ఉంది. దాన్నీ పక్కన పెట్టి, ట్యాబ్ తీసి ఆ చివరి ముక్క వినిపించాను. అమ్మ సూది ఆపకుండా వింది. ఫాల్ మంచిగ కుట్టేదన్న దగ్గర ఒకసారి వెనక్కి తిప్పమని, మళ్లీ విని, చిన్నగా నవ్వింది. ఏడుస్తుందేమోనని నేను పక్కనే కూర్చున్నాను. చివరికి జిరాక్సు సంగతి కూడా చెప్పేశాను, తప్పు నాదేనమ్మా అని.

"మెట్ల మీద ఆమె నీకు కాయితం ఇచ్చేటప్పుడు పైనుంచి చూసిన" అంది అమ్మ. "నీళ్లకు ఇల్లు ఖాళీ చేయించుడు యాడన్న ఉన్నదా బిడ్డా? యాభై ఏండ్ల సంది ఇంటున్న గిసొంటి మాటలు."

నేను నీరుగారిపోయాను. తెలిసీ ఎందుకు ఈ గీత, తెలిసీ ఎందుకు సగం బకెట్ తానం అని అడిగాను. అమ్మ దారం కొరికి, చీర మడత పెట్టి అప్పుడు చెప్పింది.

"ఇంకో ఇంట్లకెళ్లి ఎల్లగొట్టేటోళ్లకు నీళ్ల సాకు దొరకొద్దని. ఎల్లగొడితే అసలు మాట నోటితోని చెప్పి ఎల్లగొట్టాలె. అప్పుడు నేను అడుగుత. నాలుగేండ్ల సంది గా మాట కోసమే చూస్తున్న."

పగ నాకే ఉందనుకున్నాను ఇన్నాళ్లూ. మా అమ్మ రోజూ పొద్దున దానితోనే తానం చేస్తోందని నాకు తెలియలేదు. ఇప్పుడు దొరికింది కదా అసలు మాట, గీత చెరిపేయనా అన్నాను. "ఉండనియ్, దాంతోని ఇంకొక్క పనున్నది" అంది. టులెట్ బోర్డు ఇంకా ఉందా అని మాత్రం అడిగింది.

మర్నాడు పొద్దున ఆఫీసు నుంచి ఫోన్ వచ్చింది. నేనిచ్చిన కాగితం మీది నంబరుకు ఇంటామె ఫోన్ చేసి, నేను ఇంటికొచ్చి బెదిరించానని చెప్పిందట. పిలిచి అడిగారు. ఏడో ఇంటికి తాళం లేదని, ఆ మనిషి నాకు తెలుసునని, రికార్డింగ్ ఇంట్లో వినిపించానని, అన్నీ ఒప్పుకున్నాను. సారు మొహంలో మాత్రం అన్నీ కనపడ్డాయి. రేపటి నుంచి రావద్దన్నారు, పనిచేసినట్టు సర్టిఫికెట్ కూడా ఇచ్చేది లేదన్నారు. వాళ్ల తప్పేం లేదు. రూలు నాకు తెలుసు, తెలిసే ఉద్యోగానికి నీళ్లొదులుకున్నాను. ఆమె తొమ్మిదులూ ఒకట్లూ లెక్కలోంచి తీసేశారు. ట్యాబ్ తిరిగి ఇచ్చేశాను. అందులోంచి నేను కాపీ తీసుకోలేదు. ఆ సంగతి ఇంటామెకు తెలియదు, ఎవరూ చెప్పకండి.

బుధవారం అమ్మ సంచి తీసుకుని అంగడికి పోదాం పద అంది. మా దగ్గర హయత్‌నగర్‌లోనే కూరగాయలుండగా ఎల్బీనగర్ దాకా ఎందుకన్నాను. అక్కడ టమాటాలు బాగుంటాయంది. కట్టుకున్నది పెళ్లిళ్లకు కట్టుకునే చీర.

ఆ సందు మొదట్లోనే బుధవారం అంగడి. ఇంటామె అక్కడే, టమాటాల కుప్ప ముందు, నీలం తలుపుల ఇంటామెతో కలిసి ఏరుకుంటోంది. అమ్మ తిన్నగా పోయి పక్కన కూర్చుని తానూ ఏరడం మొదలుపెట్టింది. ఎనిమిది నెలలూ ఆమెను "అమ్మా" అనే పిలిచింది మా అమ్మ. ఇప్పుడు అలా పిలవలేదు.

"నీళ్లొస్తున్నయా అక్కా?" అంది.

ఇంటామె తల ఎత్తింది. ముందు అమ్మను, తర్వాత వెనక నిలబడ్డ నన్ను చూసింది. చేతిలో టమాటా జారి కుప్పలో పడింది. వస్తున్నాయి, మంచిగున్నవా అని ఏదో అంది. పక్కింటామె, కూరగాయలామె ఇద్దరూ వింటున్నారు. అమ్మ గొంతు పెంచలేదు, తగ్గించలేదు.

"పై పోర్షన్ ఖాళీ ఉన్నదట. మేమొస్తం. నీళ్లకు పరేషాన్ గాకు. నాలుగేండ్ల సంది సగం బకెట్లనే తానం చేస్తున్నం, గీత గీసుకున్నం. మా ఓనర్‌ను అడుగు. ఇంకేమన్న అడ్డముంటే ఇక్కడనే చెప్పు అక్కా, నలుగురు ఉన్నరు."

ఆ గీత దేనికో నాకు అప్పుడు అర్థమైంది. ఇంటామె పక్కింటామె మొహం చూసింది, కూరగాయలామె మొహం చూసింది, నా చేతిలో ఫోన్ చూసింది. నేను ఫోన్‌లో టైం చూస్తున్నాను, అంతే. ఆమె కణత మీద పుట్టుమచ్చ పక్క నుంచి చెమట కారింది. సారు కాగితం నా చేతిలో ఉంటే రెండో లెక్కకు, అదే నలుగురి భయానికి, తొమ్మిది వేసేదాన్ని, అరమార్కు కూడా తగ్గించేదాన్ని కాదు.

"పెయింటింగు ఉన్నదమ్మా" అంది ఆమె చివరికి.

"ఎయ్యి అక్కా. ఎండేదాక ఆగుత" అంది మా అమ్మ.

ఆ సాయంత్రం అమ్మ బ్లేడుతో బకెట్ లోపలి గీత గీకేసి, రెండు బకెట్ల నీళ్లు పోసుకుంది. బాత్రూం కింద నుంచి నీళ్లు వాకిట్లోకి వచ్చాయి, నేను తుడవలేదు. టులెట్ అట్టముక్క ఇంకా ఆ గేటుకే ఉంది. మేము ప్రతి బుధవారం అక్కడికే అంగడికి పోతున్నాం, టమాటాలు అవసరం లేకపోయినా. అందరూ ఉండంగా అమ్మ ఆమె పక్కన కూర్చుని ఒక్క మాట అడుగుతుంది.

"రంగు ఎండిందా అక్కా?"